గట్టు మీద పువ్వు, చేలో తెగులు

మీ పెరట్లోనో, డాబా మీది కుండీల్లోనో బెండ మొక్కలుంటే ఒక్కసారి వెళ్ళి ఆకులు చూసి రండి. ఆకు నిండుగా, నవనవలాడుతూ ఉంటే సంతోషం. అలా కాక ఈనెలన్నీ పసుపు పూసినట్లయి, ఆకు మీద పసుపుదారంతో వల అల్లినట్లు కనిపిస్తోందా? కాయలు తెల్లబారి, పెళుసెక్కి, కొయ్యముక్కల్లా ఉన్నాయా? అయితే ఈవేళ నేను చెప్పబోయేది మీ ఇంటి కథే. దీన్ని పల్లాకు తెగులు అంటారు. కొందరు శంఖు రోగమనీ అంటారు.

తణుకులో మా పెరట్లో మొదటిసారి ఇది వచ్చినప్పుడు మా అత్తగారు ఒకే ఒక్క మాట అన్నారు. "మంచి విత్తనం చూసి తెచ్చుకోవాల్సింది, అమ్మాయీ!" నేను తలవంచుకుని ఊరుకున్నాను. మనకది అలవాటే కదండీ. మొక్క పాడైతే విత్తనాన్ని అంటారు, పిల్లవాడు చెడితే తల్లిని అంటారు. గాలి ఎటునుంచి వీచిందో, పక్కవాకిట్లో ఏం మొలిచిందో ఎవరూ చూడరు.

అప్పుడు విత్తనం మాట పడ్డది నేను. నాకంటే పెద్ద మాట పడ్డ ఒకావిడ సంగతి చెబుతాను. ఆవిడ కోసమే ఈ చరిత్రంతా నేను అడిగీ, చదివించుకునీ తెలుసుకున్నది. పదో తరగతితో చదువాపిన దాన్ని, నాకు ఈ శాస్త్రాలతో ఏం పని అనకండి. మన చేతి మీద పడ్డ నింద సంగతి తేల్చుకోవడానికి డిగ్రీలు అక్కర్లేదు.

మా పెద్దవదినగారిని, అంటే మావారి అక్కగారిని, అనంతపురం జిల్లాలో ఇచ్చారు. మా మామగారు ఉద్యోగరీత్యా అటువైపు ఉన్న రోజుల్లో కుదిరిన సంబంధం. అది మన డెల్టా కాదు. కాలవ లేదు, చెరువు నిండదు. ఎర్రనేల, వానదేవుడి దయ. ఆ జిల్లాలో వానాకాలం పంటంటే వేరుశనగే. వాళ్ళు శనక్కాయ అంటారు. ఏడు లక్షల హెక్టార్లకు పైగా ఆ ఒక్క పంటే వేసిన రోజులవి.

2000వ సంవత్సరం వానాకాలానికి ముందు వదిన ఇంట్లో మాట వచ్చింది, విత్తనం కొందామా, ఇంట్లో దాచినవి వేద్దామా అని. "నిరుటి కాయలు నేనే ఏరి దాచాను. రాయిలా ఉన్నాయి. ఉన్నవి పెట్టుకుని అప్పు చేయడమెందుకు?" అంది వదిన. అందరూ సరేనన్నారు. ఇంటిల్లిపాదీ కూర్చుని కాయలు ఒలిచారు, విత్తారు. మొలక బాగానే వచ్చింది. నెల తిరిగేసరికి లేత ఆకుల మీద గోధుమరంగు మచ్చలు. ఆపైన మొవ్వ మాడింది. కాడ మీదా, కాండం మీదా నల్లటి చారలు దిగాయి. లేత మొక్కలు నిలువునా ఎండిపోయాయి. కాస్త ముదిరిన తరవాత తెగులు తగిలిన మొక్కలకు కాయలు పడ్డాయి కానీ చిన్నవి, వాటి మీదా నల్లమచ్చలే.

ఊళ్ళో మిగతావాళ్ళ చేలూ అలాగే ఉన్నాయి. అయినా ఇంట్లోవాళ్ళ నోళ్ళు మూతపడలేదు. "ఇంటి విత్తనం వేద్దామన్నది ఎవరు?" అన్నారు. ఆ ఏడు వదిన గాజులు తాకట్టుకెళ్ళాయి. సంక్రాంతికి తణుకు వచ్చినప్పుడు చూశాను, రెండు చేతులకూ మట్టిగాజులే. అప్పటికి నేను కొత్తకోడల్ని. వంటింట్లో అరిసెల పిండి కలుపుతుంటే పక్కన కూర్చుని మెల్లిగా అంది. "నా చేతి విత్తనమే వాళ్ళ కొంప ముంచిందట, చెల్లీ! నిజంగానే అంతేనంటావా?" నాకు జవాబు తెలియలేదు. తెలిసినా చెప్పే వయసు కాదు.

ఆ జవాబు వెతకాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

తెగులంటే బూజో, పురుగో అనుకునే కాలంలో, 1886లో, హాలెండు దేశంలో అడాల్ఫ్ మాయర్ అనే ఆయన పొగాకు ఆకు మీద మచ్చల తెగులు చూశాడు. తెగులు ఆకు రసం తీసి మంచి మొక్కకు ఎక్కిస్తే దానికీ తెగులొచ్చింది. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని బాక్టీరియా కూడా దూరలేని సన్నటి వడపోతలో వడకట్టాడు. అయినా రసం తెగులు తెస్తూనే ఉంది. 1898లో బైయరింక్ అనే ఆయన ఇది బాక్టీరియా కాదు, మరోటి అని తేల్చి వైరస్ అన్న మాట వాడాడు. మనం జలుబుకీ జ్వరానికీ ఇప్పుడు రోజూ అనే మాట, ఈ అర్థంలో మొదట ఒక పొగాకు ఆకు దగ్గర పుట్టిందన్నమాట.

సరే, వైరస్‌కు కాళ్ళు లేవు, రెక్కలు లేవు. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు ఎలా పోతుంది? 1890ల్లో జపాన్‌లో వరి గిడసబారే తెగులుకు ఆకుల మీద గెంతే చిన్న దోమకు సంబంధం ఉందని పట్టుకున్నారు. ఆ తరవాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. మన వరికి టుంగ్రో తెచ్చేది పచ్చదోమ. బెండకూ మినుముకూ పల్లాకు తెచ్చేది తెల్లదోమ. చెరకులో మొజాయిక్ తెగులు మోసేది పేనుబంక. కందికి వెర్రి తెగులు తెచ్చేది కంటికి ఆనని నల్లి. ఎవరి బండి వాళ్ళకుంది.

మరి ఈ పురుగులకు సరుకు ఎక్కడిది? కోత అయిపోయాక చేలో పంట ఉండదు. పంట లేని నెలల్లో వైరస్ ఎక్కడ కాపురం ఉంటుంది? అసలు ప్రశ్న అక్కడుంది. జవాబు గట్టు మీద, రోడ్డు పక్కన, బీడులో ఉంది. మనం కన్నెత్తి చూడని కలుపు మొక్కల్లో.

బెండ పల్లాకు సంగతే చూడండి. 1924లో బొంబాయి ప్రాంతంలో కులకర్ణి అనే ఆయన దాన్ని మొదట రాతలో పెట్టారు. 1940 నాటికి అది వైరస్ అని తేలింది. 1950లో కపూర్, వర్మ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తెల్లదోమ దాన్ని మోస్తుందనీ, అడవిబెండ లాంటి దగ్గరి జాతి మొక్కలకూ అది సోకుతుందనీ చూపించారు. విత్తనం ద్వారా అది రాదు. అంటే మా అత్తగారు నన్నన్న మాట సరికాదన్నమాట. ఆవిడ ఇప్పుడు లేరు కనుక ధైర్యంగా చెబుతున్నాను!

ఇక అనంతపురానికి వద్దాం. 2000లో ఆ తెగులు చూసినవాళ్ళు మొదట పాత చుట్టమే అనుకున్నారు. వేరుశనగకు మొవ్వుకుళ్ళు తెగులని ఒకటి అదివరకే ఉంది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ సంస్థ వాళ్ళు దాన్ని చాలా ఏళ్ళుగా ఎరుగుదురు. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి, మొవ్వ మాడుతుంది. కానీ ఎండిన మొక్కలు తీసుకెళ్ళి పరీక్ష చేస్తే మొవ్వుకుళ్ళు వైరస్ కనిపించలేదు. దొరికింది ఇంకొకటి. పేరు టొబాకో స్ట్రీక్ వైరస్, అంటే పొగాకు చారల వైరస్. 1936లో అమెరికాలో జేమ్స్ జాన్సన్ అనే ఆయన పొగాకు మీద చూసి పేరు పెట్టినది. మన దేశంలో అంతకు రెండు మూడేళ్ళ క్రితం పొద్దుతిరుగుడు పంటను మాడ్చిందీ ఇదే. వేరుశనగ మీద అది మన దేశంలో ఇంత విరుచుకుపడటం అదే మొదలు.

ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి, ఎ.ఎస్. రెడ్డి గార్లు, జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థలో ప్రసాదరావు గారు, స్కాట్లండు శాస్త్రవేత్తలు కలిసి ఈ లెక్క తేల్చారు. 2002లో అచ్చయిన వాళ్ళ వ్యాసం ప్రకారం దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. అంకెలు చదివి పక్కన పెట్టేస్తాం. కానీ ఆ 300 కోట్లలో మా వదిన గాజులూ ఉన్నాయి, అలాంటి గాజులు ఎన్ని వేల జతలున్నాయో!

ఇంతకీ వైరస్ ఎక్కడినుంచి వచ్చింది? చేల చుట్టూ, బాటల పక్కన, బీళ్ళలో విరగబూసిన ఒక మొక్క నుంచి. మీకందరికీ తెలిసిందే, వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అంటారు, ఆకు క్యారెట్ ఆకులా ఉంటుందని క్యారెట్ గడ్డీ అంటారు. చిన్న చిన్న తెల్లటి నక్షత్రాల్లాంటి పూలు. తణుకులో రైలుకట్ట వెంబడి, ఖాళీ స్థలాల్లో, తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో మీరు చూసే ఉంటారు. ఇది మన మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1950ల్లో పుణె దగ్గర దీన్ని గుర్తించారు. కరువు రోజుల్లో తెచ్చుకున్న అమెరికా గోధుమల్లో కలిసి వచ్చిందని చాలామంది అంటారు. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. పశువు ముట్టదు. మనిషి ముడితే ఒళ్ళంతా దురద, కొందరికి ఆయాసం. మెక్సికో నుంచి దీన్ని తినే పెంకుపురుగును తెప్పించి 1984లో బెంగుళూరులో వదిలారు కూడా. అయినా వయ్యారం తగ్గలేదు.

దీని గడుసుతనం ఏమిటంటే, వైరస్ ఒంట్లో ఉన్నా దీనికి జబ్బు కనిపించదు. పచ్చగా, ఏపుగా నవ్వుతూనే ఉంటుంది. వైరస్ దీని పుప్పొడిలో ఉంటుంది. పూలలో తామరపురుగులని సన్నటి పురుగులు తిరుగుతాయి, నువ్వుగింజలో నాలుగో వంతు కూడా ఉండవు. వాటి ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది. గాలికి కొట్టుకొచ్చి లేత వేరుశనగ ఆకు మీద వాలి, గీకి రసం పీలుస్తాయి. ఆ గీతలోంచి పుప్పొడిలోని వైరస్ ఆకులోకి దిగిపోతుంది. ఇలా పుప్పొడి మీద ఎక్కి వైరస్ ప్రయాణం చేస్తుందని 1987లో ఆస్ట్రేలియాలో స్డూడీ, టీకిల్ అనే ఇద్దరు చూపించారు. అంతకుముందు ఇలాంటి దారి ఒకటుందనే తెలియదు. ఎక్కడి ఆస్ట్రేలియా, ఎక్కడి అనంతపురం శనక్కాయ! అక్కడ పదమూడేళ్ళ ముందు తెలిసిన సంగతి ఇక్కడ ముడి విప్పడానికి పనికొచ్చింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, నాకు కావలసిన రెండు మాటలు ఇక్కడున్నాయి. ఒకటి, వేరుశనగ మొక్క నుంచి వేరుశనగ మొక్కకు ఈ తెగులు పాకడం దాదాపు లేదు. వేరుశనగ పువ్వులో పుప్పొడి లోపలే మూసుకుని ఉంటుంది. అందుకని వచ్చే తెగులంతా బయటి నుంచి, గట్టు మీది పువ్వు నుంచి రావలసిందే. రెండు, తెగులు తగిలిన మొక్కల గింజలు నాటి చూశారు. మొలిచిన మొక్కల్లో వైరస్ లేదు. అంటే వేరుశనగలో ఇది విత్తనం ద్వారా రాదు.

విన్నారా? విత్తనం ద్వారా రాదు! ఇంటి విత్తనమైనా, అంగట్లో విత్తనమైనా, ఆకాశం నుంచి దిగిన విత్తనమైనా ఆ ఏడు ఆ చేలో అదే జరిగేది.

శాస్త్రవేత్తలు చెప్పిన ఉపాయం కూడా ఇందులోంచే వచ్చింది. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి. చేను చుట్టూ జొన్నో, సజ్జో కొన్ని వరుసలు దట్టంగా వేసుకోవాలి. గాలికొచ్చే తామరపురుగు ఆ ఎత్తైన గోడ దగ్గరే ఆగుతుంది. పొద్దుతిరుగుడు పక్కన వేరుశనగ వేయకూడదు. తెగులు తగిలాక ఏ మందూ వైరస్‌ను చంపదు. ముందు జాగ్రత్తే మందు.

అయితే ఇక్కడ ఒక పొరపాటు చేయకూడదు. "అడవి మొక్కలన్నీ శత్రువులే, గట్లన్నీ తగలబెట్టేద్దాం" అనుకుంటే మునుగుతాం. మన తణుకువాళ్ళకు చక్కెర సంగతి చెబితే చప్పున అర్థమవుతుంది. 1947లో మొదలైన ఆంధ్రా షుగర్స్ ఊరు కదా మనది! అమెరికా పడమటి రాష్ట్రాల్లో చక్కెర చెరకు నుంచి కాదు, బీట్ దుంపల నుంచి తీస్తారు. కిందటి శతాబ్దం మొదట్లో ఆ దుంపలకు ఆకుముడత వైరస్ వచ్చి మిల్లులే మూతపడ్డాయి. దోమ ఎక్కడ పెరుగుతోందని చూస్తే, దున్ని వదిలేసిన బీళ్ళలో, పశువులు మేసి బోడిచేసిన నేలల్లో మొలిచిన పరదేశపు కలుపు మీద. అదే నేలను కదపకుండా వదిలేస్తే మెల్లగా పాత గడ్డి వచ్చింది, కలుపు తగ్గింది, దోమా తగ్గింది. అంటే తప్పు అడవిది కాదు. మనం గెలికి, వాడుకుని, పట్టించుకోకుండా వదిలేసిన నేలది. వయ్యారిభామ కూడా అలాంటి చోటే రాజ్యమేలుతుంది. నిండుగా గడ్డి, పొదలు ఉన్నచోట దానికి అంత చోటు దొరకదు.

పైగా తెగులుకు విరుగుడు కూడా చాలాసార్లు ఆ అడవి మొక్కే ఇచ్చింది. ఋషిపంచమి నాడు దున్నని నేలలో పండినదే తినాలని మన పెద్దలు నియమం పెట్టారు. నివ్వరి బియ్యం పేరు వినే ఉంటారు, తనంతట తాను మొలిచే అడవి వరి అది. ఆ జాతిని శాస్త్రవేత్తలు ఒరైజా నివారా అంటారు. మన నీవారం మాటే! ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవాళ్ళు వరిని కుదించే గ్రాసీ స్టంట్ వైరస్‌కు మందు కోసం ఆరువేలకు పైగా వరి రకాలు గాలించారు. నిలబడ్డది ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒకే ఒక నివ్వరి. దాని గుణం ఎక్కించి తీసిన రకాల్లో 1976లో వచ్చిన ఐ.ఆర్. 36 ఒకటి. అది ఎన్ని దేశాల వాళ్ళకు అన్నం పెట్టిందో! ఎవరో కలుపని ఆ గడ్డిని అంతకుముందే పీకేసి ఉంటే?

చెరకూ అంతే. గోదావరి లంకల్లో తెల్లగా ఊగే రెల్లుపూలు చూశారు కదా. 1918లో కోయంబత్తూరులో రెల్లును చెరకుతో కలిపి తీసిన కో 205 మన దేశపు చెరకు చరిత్రనే మార్చింది. జావాలో 1921లో తీసిన పి.ఓ.జె. 2878 రకంలోనూ రెల్లు జాతి అంశ ఉంది. అది మొజాయిక్ వైరస్‌ను తట్టుకుంది. అంతెందుకు, బెండనే తీసుకోండి. పూసా సావనీ అనే రకం కొన్నేళ్ళు పల్లాకును తట్టుకుని తరవాత లొంగిపోయింది. ఆపైన అడవిబెండతో సంకరం చేసి పర్భణీ క్రాంతి, అర్క అనామిక తీశారు. వాటికీ కొన్ని చోట్ల బలం తగ్గింది. మళ్ళీ అడవిబెండ గుమ్మం ముందే నిలబడాలి. ఆ గుమ్మమే లేకుండా చేసుకుంటే ఎక్కడికి పోతాం?

అందుకని మనం చేయగలిగింది చెబుతాను. పెరట్లో పల్లాకు తగిలిన బెండ మొక్క కనిపిస్తే, నాలుగు కాయలు వస్తాయేమోనని ఆశపడకండి. వెంటనే పీకి సంచిలో కట్టేయండి. అది ఉన్నంతకాలం చుట్టుపక్కల పెరళ్ళకు అదే గోదాము. ఖాళీ స్థలంలో వయ్యారిభామ కనిపిస్తే పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేళ్ళతో సహా పీకించండి. ఆయాసం ఉన్నవాళ్ళు దాని దరికి పోవద్దు. పీకినచోట నేలను బోడిగా వదలకండి. తంగేడో, తులసో, గడ్డో ఏదో ఒకటి మొలవనివ్వండి. పిల్లలకు ఆ తెల్లపూలు ఆడుకోవడానికి ఇవ్వకండి.

ఈ సంగతులన్నీ తెలిశాక వదినకు ఫోను చేశాను. గట్టు మీది పువ్వు, పుప్పొడి, తామరపురుగు, అంతా చెప్పాను. చివర, "విత్తనం ద్వారా రాదట వదినా, గింజలు నాటి మరీ చూశారట" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ తరవాత అంది. "ఆ మాట ఇంకోసారి చెప్పు. ఇంట్లో అందరూ వినేటట్టు ఫోను పెద్దగా పెడతాను."

మళ్ళీ చెప్పాను. అప్పుడు అన్నవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళు ఏమీ అనలేదు. గాజులు ఆవిడ ఎప్పుడో విడిపించుకుంది. మాట మాత్రం ఆ రోజు విడిపించుకుంది.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి మాట ఒకటి తాకట్టులో ఉందేమో చూడండి. పంట పోయినా, పాలు విరిగినా, పిల్లవాడు తప్పినా ముందు ఒక చెయ్యి వైపు వేలు చూపే ముందు, ఒక్కసారి గట్టు వైపు కూడా చూడమని చెప్పండి. సెలవు.